రెండున్నరేళ్లు తిరిగాక ఇక్కడ నా నొప్పికి పేరు దొరికింది, ఏడు నెలల ట్రీట్‌మెంట్ తర్వాత రాస్తున్న రివ్యూ

హైదరాబాద్‌లోని ఈ క్లినిక్‌కి 5కి 4 స్టార్లు ఇస్తున్నా, ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాశా. మొదటి విజిట్ అయిన రోజే రాసేద్దామనుకున్నా గానీ పని చేస్తుందో లేదో తేలకుండా పొగిడేస్తే తప్పవుతుందని ఆగా. ఇప్పటికి ఏడు నెలలైంది. కొంచెం పెద్దగానే ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి, ఎందుకంటే రెండేళ్ల క్రితం ఇలాంటిది ఒక్కటి తెలుగులో కనిపించి ఉంటే నాకు బోలెడు డబ్బు, బోలెడు ఏడుపు మిగిలేవి.

నాది ఖమ్మం, బ్యాంకులో కౌంటర్ మీద పని, అంటే రోజంతా కూర్చునే ఉండాలి. 2022లో వర్షాకాలంలో వరసగా రెండుసార్లు ఫంగల్ ఇన్‌ఫెక్షన్ వచ్చింది, అది తగ్గింది, కానీ మంట మాత్రం పోలేదు. మంట అంటే మామూలుగా కాదండీ, పచ్చిమిరపకాయలు కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే ఎలా ఉంటుందో అలా, కింద, సరిగ్గా యోని ద్వారం దగ్గర. ఊరికే ఉన్నప్పుడు పెద్దగా తెలిసేది కాదు, ఏదైనా తగిలితే చాలు. ప్యాడ్ తగిలినా, జీన్స్ కుట్టు తగిలినా, స్కూటీ మీద స్పీడ్ బ్రేకర్ ఎక్కినా ప్రాణం పోయేది. మా ఆయనతో కలవడం అయితే ఇక మాట్లాడక్కర్లేదు, పళ్లు బిగబట్టుకుని ఓర్చుకుని తర్వాత బాత్రూంలో చన్నీళ్లు పోసుకుంటూ కూర్చునేదాన్ని. అమ్మకి చెప్తే "వేడి చేసిందే, సబ్జా గింజలు నానబెట్టుకుని తాగు, బార్లీ నీళ్లు తాగు" అంది, పాపం తనకి తెలిసింది అదే, రెండు నెలలు తాగా. మా అత్తయ్యకి చెప్పే మాటే లేదు, ఇంకా పిల్లలేంటి అని అప్పటికే అడుగుతున్నారు.

ఈ రెండున్నరేళ్లలో నలుగురు డాక్టర్లకి చూపించా, పేర్లు రాయను. ఒకావిడ టేబుల్ ఇవతల నుంచే విని ఫంగస్ టాబ్లెట్ రాశారు, అలా ఐదుసార్లు రాయించుకున్నా, ఒక్కసారి కూడా స్వాబ్ తీసి టెస్ట్‌కి పంపలేదు. ఇంకొకరు స్కాన్ తీయించి "అంతా నార్మల్, టెన్షన్ తగ్గించుకో, ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుంది" అన్నారు. మరొకరు యూరిన్ ఇన్‌ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇచ్చారు, క్రిములు పెరుగుతాయా అని చూసే కల్చర్‌లో ఏమీ పెరగలేదు, అయినా కోర్సు పూర్తి చేయమన్నారు. నాలుగో ఆవిడ స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ ఇచ్చారు, మొదట చల్లగా ఉండి తర్వాత ఇంకా మండింది. రిపోర్టులు నార్మల్ అన్న ప్రతిసారీ నాకు సంతోషం రాకపోగా భయం వేసేది, నార్మల్ అయితే మరి నాకెందుకిలా, నా బుర్రలోనే ఏదో తేడా ఉందా అని.

ఇక్కడికి మా కొలీగ్ ఒకావిడ చెప్తే వచ్చా, తనకి కాన్పు తర్వాత నడుము కింద నొప్పి ఉంటే ఇక్కడి ఫిజియోతో తగ్గిందట. ఖమ్మం నుంచి తెల్లవారుజాము బస్సెక్కి హైదరాబాద్ వచ్చా, ఒళ్లో దిండు పెట్టుకుని, సగం దూరం ఒక పక్కకి ఒరిగి కూర్చుని.

రిసెప్షన్ దగ్గర మొదటి దెబ్బ. అక్కడున్న అమ్మాయి అందరి ముందూ గట్టిగా "ఏం ప్రాబ్లం మేడమ్?" అంది. వెనకాల ఇద్దరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. నేను గొంతు తగ్గించి "గైనిక్" అన్నా, "గైనిక్‌లో ఏంటి?" అంది. వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది, నిజం. ఒక స్టార్ పోయింది ఇక్కడే. ఇంత సున్నితమైన సమస్యలు చూసే చోట ఒక చీటీ మీద రాసి ఇమ్మంటే సరిపోతుంది కదా.

కానీ లోపలికి వెళ్లాక వేరే లోకం. డాక్టర్ మేడమ్ నాకు దాదాపు 50 నిమిషాలు ఇచ్చారు. బల్ల మీద పడుకోమనే ముందు అరగంట కేవలం అడిగారు. ఎప్పుడు మొదలైంది, మొదటి నుంచీ ఉందా లేక మధ్యలో వచ్చిందా, తాకితేనే వస్తుందా ఊరికే కూడా వస్తుందా, మూత్రం పోస్తే మంటా, పోశాక మంటా, మలబద్ధకం ఉందా, గర్భనిరోధక మాత్రలు వాడావా, నెలసరి ముందు ఎక్కువవుతుందా, కింద కడుక్కోవడానికి ఏం వాడతావు. ఆ చివరి ప్రశ్న అంతకుముందు ఎవరూ అడగలేదు. నేను వేడినీళ్లలో రెండు మూతలు యాంటిసెప్టిక్ లిక్విడ్ పోసి కూర్చునేదాన్ని, పైగా సెంటు వాసన వచ్చే వాష్ ఒకటి రోజుకి రెండుసార్లు, శుభ్రంగా ఉంటే తగ్గుతుందని. ఆవిడ తిట్టలేదు. "అందరూ చేసేదే అమ్మా, ఇవాళ్టి నుంచి మానేద్దాం" అన్నారంతే.

పరీక్ష గురించి వివరంగా రాస్తున్నా, ఎందుకంటే దీనికి భయపడే నేను రెండుసార్లు అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేశా. నర్సమ్మ పక్కనే ఉంది. "ఆపండి అంటే ఆ క్షణమే ఆపేస్తా, లోపలికి పరికరం ఏదీ ఇవాళ పెట్టను" అని ముందే మాటిచ్చారు. చేతికి చిన్న అద్దం ఇచ్చి నన్నే చూడమన్నారు, ముప్పై ఒక్క ఏళ్లకి మొదటిసారి చూసుకున్నా నా ఒంటిని. తర్వాత చెవికి వాడే ఇయర్ బడ్ లాంటిది, కొంచెం పొడుగ్గా ఉంది, దాని దూది కొనని తడిపి ముందు తొడ మీద తాకారు, "ఇది సున్నా అనుకో, పదికి ఎంతో చెప్తూ ఉండు" అన్నారు. తర్వాత బయటి పెదవుల మీద, సున్నా. లోపలి పెదవుల మీద, ఒకటి. తర్వాత ద్వారం చుట్టూ ఉండే ఆ సన్నని గులాబీ రంగు చర్మం, దాన్ని వెస్టిబ్యూల్ అంటారట, దాన్ని గడియారం ముల్లులా ఒక్కో అంకె దగ్గర తాకుతూ వచ్చారు. 12 దగ్గర రెండు. 3 దగ్గర నాలుగు. 5 దగ్గరకి రాగానే నా కాళ్లు వాటంతటవే దగ్గరికి వచ్చేశాయి, కళ్లలో నీళ్లు. దూది అండీ, ఉత్త తడి దూది. 6 దగ్గర ఎనిమిది, 7 దగ్గర ఎనిమిది. ఆవిడ ఆపి కాగితం మీద గడియారం బొమ్మ గీసి, 5 నుంచి 7 దాకా ఎర్ర పెన్నుతో గీత గీసి నాకు చూపించారు. ఆ కాగితం ఇప్పటికీ నా ఫైల్లో ఉంది. రెండున్నరేళ్లు నేను నోటితో చెప్పలేకపోయింది ఆ ఎర్ర గీతలో ఉంది.

దాంతో ఆగలేదు. స్రావం కొంచెం తీసి పులుపుదనం (ఆమ్లత) చూపించే పీహెచ్ పేపర్ మీద రుద్దారు, ఒక స్లైడ్ మైక్రోస్కోప్ కింద చూశారు, ఫంగల్ కల్చర్‌కి పంపారు. చర్మం మీద తెల్ల మచ్చలు, పగుళ్లు, పుండ్లు ఏమీ లేవు కాబట్టి బయాప్సీ, అంటే చిన్న ముక్క తీసి చేసే టెస్ట్, అక్కర్లేదన్నారు. చివర్లో నన్ను అడిగి ఒక్క వేలితో లోపలి కండరాన్ని ఒత్తి చూశారు, అది గట్టిగా తాడులా బిగుసుకుపోయి ఉందట, ఒత్తితే మంట కాకుండా సలుపు. కల్చర్ రిపోర్ట్ వారానికి వచ్చింది, ఫంగస్ లేదు. అంటే ఇన్నాళ్లూ బహుశా లేని ఫంగస్‌కే నేను మందు మింగా.

అప్పుడు పేరు చెప్పారు. వల్వోడైనియా. డైనియా అంటే నొప్పి. ఇన్‌ఫెక్షన్, చర్మవ్యాధి, హార్మోన్ల లోపం, నరానికి దెబ్బ ఇలాంటి కారణం ఏదీ కనపడకుండా మూడు నెలలకి మించి ఉండే నొప్పిని అలా అంటారట, నాది అందులో తాకితే వచ్చే రకం, ద్వారం దగ్గర మాత్రమే ఉండేది, ప్రొవోక్డ్ వెస్టిబ్యులోడైనియా. 2015లో అంతర్జాతీయ డాక్టర్ల సంఘాలు కూర్చుని ఈ పేర్లన్నీ సరిచేశాయని చెప్పారు. నేను "ఇది నా ఒక్కదానికేనా మేడమ్" అంటే, అమెరికాలో బోస్టన్ ప్రాంతంలో 2003లో వచ్చిన ఒక స్టడీ గురించి చెప్పారు, అందులో వందలో దాదాపు 16 మంది ఆడవాళ్లు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మూడు నెలలకి మించి ఇలాంటి నొప్పి పడ్డామన్నారట, అందులో చాలామంది అసలు డాక్టర్ దగ్గరికే వెళ్లలేదట. పదహారు మంది! మా బ్రాంచ్‌లో ఆడవాళ్లమే పన్నెండు మందిమి, ఆ లెక్కన మాలోనే ఇద్దరికి ఉండొచ్చు.

ఎందుకొస్తుంది అంటే ఒకటే కారణం ఉండదట. పదే పదే ఇన్‌ఫెక్షన్లు, క్రీములు, మంటలతో అక్కడి నరాల కొసలు అతి సున్నితంగా తయారవుతాయి, నొప్పికి భయపడి కింది కండరాలు బిగుసుకుంటాయి, బిగుసుకున్న కండరం ఇంకా నొప్పి పుట్టిస్తుంది. "మీ స్కూటీ హారన్ వైరు షార్ట్ అయితే నొక్కకపోయినా మోగుతుంది చూడు, హారన్ నిజంగానే మోగుతోంది, కానీ ముందు ఎవరూ అడ్డం లేరు" అన్నారు. నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు. నొప్పి నిజం, కల్పించుకున్నది కాదు, వైరు సరిచేయాలి.

మొదటి ఆరు వారాలు ఎక్కువగా మానేయడమే. వాష్ లేదు, యాంటిసెప్టిక్ లేదు, వాసన ప్యాడ్లు లేవు, వెట్ వైప్స్ లేవు, ఇంట్లో ఉన్న మిగిలిపోయిన క్రీములన్నీ డస్ట్‌బిన్‌లోకి. ఉత్త నీళ్లు, మెత్తగా అద్దుకోవడం, కాటన్ లోదుస్తులు, రాత్రి అవి కూడా వద్దు, స్నానం అయ్యాక వాసన లేని పెట్రోలియం జెల్లీ పలుచగా. లోదుస్తులు ఉతికాక సబ్బు పోయేలా రెండుసార్లు ఎక్కువ జాడించమన్నారు కూడా. ఇంత చిన్నదానికే మంట పదిలో రెండు తగ్గింది అంటే నేను ఎంత పోసుకున్నానో చూడండి.

దాంతోపాటు రాత్రిళ్లు ఆ చోటుని మొద్దుబార్చే లిగ్నోకెయిన్ 5 శాతం ఆయింట్‌మెంట్, బయటి దేశాల్లో లిడోకెయిన్ అనేది ఇదే. శనగగింజంత తీసుకుని ఆ ఎర్ర గీత ఉన్న చోట రాసి, చిన్న దూది ఉండకి కూడా రాసి అక్కడ పెట్టుకుని పడుకోవాలి. ఒక జాగ్రత్త, మెడికల్ షాపులో 2 శాతం జెల్ చేతిలో పెడతారు, నాకు మా ఊళ్లో రెండు షాపుల్లో అదే ఇచ్చారు, చీటీలో ఏది రాశారో చూసుకుని తీసుకోండి. పెట్టగానే రెండు మూడు నిమిషాలు బాగా మండుతుంది, మొదటి రాత్రి భయపడి కడిగేశా, ఫోన్ చేస్తే నర్సమ్మ "కాసేపు ఓర్చుకోండి, తర్వాత మొద్దుబారుతుంది, ఆగకపోతే మాత్రం కడిగేయండి" అంది, నిజంగానే మొద్దుబారింది. ఎక్కువ రాస్తే ఎక్కువ పని చేస్తుందని పూసేయకూడదు, అది ఒంట్లోకి వెళ్లే మందు.

టాబ్లెట్ ఎమిట్రిప్టిలిన్ 10 ఎంజీ, రాత్రి ఒకటి. మెడికల్ షాపు అబ్బాయి దాన్ని చూసి నన్ను అదోలా చూశాడు, నెట్‌లో చూస్తే డిప్రెషన్ మందు అని ఉంది, నాకు కోపం వచ్చేసింది, వీళ్లు కూడా చివరికి నన్ను పిచ్చిదాన్నే అనుకున్నారా అని. అడిగేశా. మేడమ్ కూర్చోబెట్టి చెప్పారు, డిప్రెషన్‌కి ఇచ్చే డోసు దీనికి ఎన్నో రెట్లు ఉంటుంది, ఇంత తక్కువ డోసులో నరాల నొప్పి సిగ్నల్ తగ్గించడానికి వాడతాం, మధుమేహం వాళ్ల కాళ్ల మంటలకి కూడా ఇదే ఇస్తాం, ఇది అందరికీ పని చేయదు, రెండు మూడు నెలలు చూసి లేకపోతే మారుద్దాం అని. పని చేయకపోవచ్చు అని ముందే చెప్పిన డాక్టర్‌ని నేను మొదటిసారి చూశా. గుండె సమస్య ఉందా, గర్భం కోసం ప్రయత్నిస్తున్నావా అని అడిగాకే రాశారు. నోరు ఎండిపోవడం, పొద్దున్నే మత్తు, మలబద్ధకం, మూడూ నాకు వచ్చాయి. రాత్రి ఎనిమిదింటికే వేసుకోవడం మొదలుపెట్టాక పొద్దున్న మత్తు తగ్గింది. మెల్లగా 25కి పెంచారు. సొంతంగా టక్కున ఆపకూడదని గట్టిగా చెప్పారు.

ఇక ఫిజియో. ఈ క్లినిక్‌కి నేను ఇచ్చే స్టార్లలో సగం ఈ అమ్మాయివే. మొదటి రోజు నా చెయ్యి పట్టుకుని "అక్కా, పిడికిలి గట్టిగా బిగించండి, నేను చెప్పేదాకా వదలొద్దు" అంది. రెండు నిమిషాలకి వేళ్లు లాగేస్తున్నాయి, చెయ్యి వణుకుతోంది, అరచెయ్యి తెల్లబడింది. "ఇప్పుడు దీంట్లో నా వేలు పెట్టనివ్వండి" అంది. ఎలా పెట్టనిస్తా. "మీ కింది కండరం రెండేళ్లుగా ఇలా ఉందక్కా" అంది. నేను అక్కడే ఏడ్చేశా, తను ఏమీ మాట్లాడకుండా నీళ్ల గ్లాసు ఇచ్చి కూర్చుంది.

నేను అప్పటిదాకా ఏదో వీడియో చూసి బిగించే ఎక్సర్‌సైజులు చేస్తున్నా, కీగెల్స్ అంటారు కదా, అవి బలహీనంగా ఉన్న కండరానికి, ఇప్పటికే బిగుసుకున్నవాళ్లకి అవి చేస్తే ఇంకా పెరుగుతుందట. నాకు నేర్పింది వదలడం. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఊపిరి తీసుకుంటే పొట్ట పైకి, కింది కండరం కిందికి, మూత్రం మొదలయ్యే ముందు ఒక వదులు వస్తుంది చూడండి, ఆ వదులు. వినడానికి సులువు, నాకు మూడు వారాలు పట్టింది పట్టుకోవడానికి. బాలాసనం, పడుకుని పాదాలు పట్టుకునే హ్యాపీ బేబీ, దిండ్లు పెట్టుకుని మలాసనం. మూడో సెషన్ నుంచి గ్లౌజు వేసుకుని ఒక వేలితో లోపల బిగుసుకున్న చోట్లు మెల్లగా ఒత్తి పట్టుకోవడం, అదీ ప్రతిసారీ అడిగి. తర్వాత సిలికాన్ డైలేటర్లు, అంటే కండరం వదులవడానికి లోపల పెట్టుకునే నున్నటి కడ్డీల్లాంటివి, అన్నిటికన్నా చిన్నది చిటికెన వేలంత, వాసన లేని నీళ్ల లూబ్రికెంట్‌తో ఇంట్లో రోజూ పది నిమిషాలు. మొత్తం 12 సెషన్లు అయ్యాయి నాకు, మొదట వారానికి ఒకటి, తర్వాత పదిహేను రోజులకి ఒకటి.

మా ఆయన్ని ఒకసారి తీసుకురమ్మన్నారు. ఆయన రానంటారేమో అనుకున్నా, వచ్చారు. కౌన్సిలర్ మేడమ్ ఇద్దరికీ కలిపి ఆ గడియారం బొమ్మ చూపించి చెప్పారు, కొన్ని వారాలు పూర్తి కలయిక వద్దు అని డాక్టర్ ఆర్డర్‌గానే రాసిచ్చారు. బస్సులో తిరిగి వస్తుంటే ఆయన "ఇంత నొప్పని నాకు ఎప్పుడూ చెప్పలేదేంటి" అన్నారు. చెప్పలేదు నేను. దగ్గరికి వస్తుంటే మొహం తిప్పుకుంటే నేనంటే ఇష్టం లేదనుకున్నారట ఆయన, రెండేళ్లు. ఆ సెషన్ ఫీజు ఎంతైనా ఇచ్చేదాన్ని.

వెయిటింగ్ హాల్లో ఒక పెద్దావిడ పరిచయమయ్యారు, అరవై పైనే ఉంటాయి, ఆవిడకి ఏళ్ల తరబడి దురద, చర్మం తెల్లగా పలుచబడి పగిలిపోయేదట. ఆవిడది వేరే జబ్బు, లైకెన్ స్క్లెరోసస్, బయాప్సీ చేసి తేల్చి క్లోబెటసాల్ అనే గట్టి స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ ఇచ్చారు, దాన్ని ఫాలోఅప్ లేకుండా వదిలేస్తే అరుదుగా క్యాన్సర్ దాకా వెళ్లొచ్చట. ఇది ఎందుకు రాస్తున్నానంటే నా చీటీ ఫోటో పెట్టమని ఎవరైనా అడిగినా నేను పెట్టను. నాకు మంటపెట్టిన స్టెరాయిడ్ ఆవిడకి ప్రాణం పోసింది. బహిష్టులు ఆగిపోయినవాళ్లకి పొడిబారి మంట వస్తే దానికి ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ ఉన్న క్రీమ్, అలా వేరే దారి ఉందట. చూడకుండా మందు రాసేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి.

ఇప్పుడెలా ఉంది అంటే, పూర్తిగా పోలేదు. పోయినసారి దూది పరీక్షలో 6 దగ్గర మూడు వచ్చింది, 7 దగ్గర రెండు. ఖమ్మం నుంచి హైదరాబాద్ దాకా దిండు లేకుండా కూర్చుని వచ్చా. మే నెల ఎండల్లో నెలసరి తర్వాత ఒకసారి మంట మళ్లీ పదికి ఆరు దాకా వెళ్లింది, అయిపోయింది మళ్లీ మొదటికి వచ్చిందని బెంబేలెత్తిపోయా, ఫిజియో అమ్మాయి వాట్సాప్‌లో "అక్కా, ఇది మధ్యమధ్యలో వస్తుంది, చల్లటి ప్యాక్ గుడ్డలో చుట్టి పది నిమిషాలు, ఊపిరి ఎక్సర్‌సైజు, కొత్త క్రీమ్ ఏదీ కొనొద్దు" అని పెట్టింది, పది రోజుల్లో దిగింది. ఆపరేషన్ గురించి కూడా అడిగా, నొప్పి ఉన్న ఆ చర్మం తీసేసే వెస్టిబ్యులెక్టమీ అని ఉంది, ఇవన్నీ పని చేయనివాళ్లకి చివరి మెట్టు, నీకు అవసరం రాదులే అన్నారు.

ఇక ఫిర్యాదులు. రిసెప్షన్ సంగతి చెప్పా, నేను కంప్లయింట్ రాసిచ్చాక కూడా ఐదు నెలలకి గానీ మారలేదు, ఇప్పుడు చీటీ ఇస్తున్నారు. అపాయింట్‌మెంట్ టైం పదిన్నర అంటే లోపలికి వెళ్లేసరికి పన్నెండు, ప్రతిసారీ, కూర్చుంటే నొప్పి అనే జనాన్ని గట్టి ప్లాస్టిక్ కుర్చీల్లో గంటన్నర కూర్చోబెడతారా, రెండు మెత్తటి కుషన్లు పెట్టలేరా. ఎక్సర్‌సైజుల కాగితం, మొదటి రోజు నింపే ఫారం రెండూ ఇంగ్లీషులోనే ఉన్నాయి, నాకంటే ముందు వచ్చిన ఒకమ్మాయి ఆ ఫారం ఖాళీగా ఇచ్చేయడం నేను చూశా, దాంట్లో మాటలు ఎవరినీ అడగలేక. తెలుగులో వేయించండి దయచేసి. ఫిజియో ఆదివారం లేదు, ఉద్యోగం చేసేవాళ్లం సెలవులన్నీ దీనికే పెట్టాల్సి వస్తోంది.

ఖర్చు, నాకు డాక్టర్ కన్సల్టేషన్ 900, ఫిజియో ఒక్కోసారి 1200, డైలేటర్ సెట్ బయట కొనుక్కున్నా, మందులు పెద్ద ఖరీదు కాదు. నా ఇన్సూరెన్స్ ఓపీ, అంటే అడ్మిట్ కాకుండా చూపించుకునే ఖర్చు, కవర్ చేయలేదు. 12 సెషన్లు ఒకేసారి కట్టమని ఒత్తిడి చేయలేదు, అది మెచ్చుకోవాలి.

వెళ్లేవాళ్లకి, పాత చీటీలన్నీ తీసుకెళ్లండి, వాడిన క్రీముల ట్యూబులు కూడా. ముందు రెండు మూడు రోజులు అక్కడ ఏ క్రీమూ రాసుకోకండి, కల్చర్ సరిగ్గా వస్తుంది. వదులు పంజాబీ డ్రెస్ వేసుకోండి. మంగళవారం పొద్దున మొదటి స్లాట్ అడగండి, ఆ రోజు రష్ తక్కువ. రిసెప్షన్‌లో ఏమైనా అడిగితే "డాక్టర్‌కే చెప్తా" అనండి చాలు, ఇంకేం అడగరు. నా నెక్స్ట్ విజిట్ వచ్చే నెల 14న, మంట ఇలాగే ఉంటే టాబ్లెట్ మళ్లీ 10కి దించుదాం అన్నారు.